రెండు సీసాల రక్తం ఎవరినడగాలి

నన్ను అవమానించినవాళ్లను నేను మరచిపోను. ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారో పదేళ్ల తర్వాత అడిగినా చెప్పగలను. ఇది ముందే చెప్పుకోవడం మంచిది. ఈ జబ్బు కథలో సగం మంది వాళ్లే.

మగవాళ్లకు వయసు మీద పడ్డాక ఒంటేలుకు పోవడంలో వచ్చే కష్టం గురించి మా ఇళ్లలో ఎవరూ నోరు విప్పరు. అరవదేశంలో ఈ పీలమేడు చుట్టుపక్కల నూలు మిల్లుల్లో పనిచేసే మాబోటి తెలుగువాళ్లకు మాటంతా తెలుగే గానీ బడి అంతా అరవం. ఈ అక్షరాలు చదవగలిగినవాళ్లు తక్కువ. నాకు మా నాయన ఇసుకలో దిద్దించాడు కనుక రాయగలుగుతున్నాను. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు దీన్ని వినిపించండి. ముఖ్యంగా యాభై దాటి, రాత్రి నాలుగుసార్లు లేచి, పొద్దున్నే ఏమీ జరగనట్టు సైకిలెక్కి మిల్లుకు పోయేవాళ్లకు.

వైకాసి

నేను స్పిన్నింగులో సైడర్ని. నూలు వడికే రింగ్ ఫ్రేముల మధ్య నడుస్తూ తెగిన పోగులు అతికించడం నా పని. ముప్ఫై ఏళ్లుగా అదే నడక. మా మిల్లులో ఒక పద్ధతి ఉంది. పని మధ్యలో దొడ్డికి పోవాలంటే మేస్త్రీ దగ్గర ఇత్తడి బిళ్ల తీసుకుపోవాలి. మా లైనులో ఆరుగురం, బిళ్ల ఒక్కటే. ఒకడు పోయొచ్చి బిళ్ల తిరిగిచ్చేదాకా రెండోవాడు బిగబట్టుకుని నిలబడాల్సిందే.

నెలల లెక్క కూడా మాకు అరవందే. ఎండలు ముదిరే వైకాసి నెలలో నాకు మొదట తేడా తెలిసింది. బిళ్ల పట్టుకుని పోతాను, గోడ ముందు నిలబడతాను, రాదు. వచ్చినా సన్నగా, ఆగి ఆగి వస్తుంది. అయిపోయిందనుకుని ఫ్రేము దగ్గరికొస్తే, తెగిన పోగులు నాలుగు అతికించేలోపు మళ్లీ పోవాలనిపిస్తుంది. లైనులో మిగతా ఐదుగురూ నావైపు చూడటం మొదలుపెట్టారు. షిఫ్టులో బిళ్ల ఎక్కువసేపు నా జేబులోనే ఉండేది.

మా మేస్త్రీ రంగసామి నాకంటే రెండేళ్లు చిన్న. ఒకరోజు నేను తిరిగొచ్చేసరికి నడవ మధ్యలో నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా వెంకటసామీ, దొడ్లో కూడా నీకు రెండు ఫ్రేములిచ్చినారా? ఆడా నూలు తీస్తుండావా?”

రింగ్ ఫ్రేముల హోరులో అరిస్తే గానీ మాట వినబడదు. కనుక ఆయన అరిచే అన్నాడు. డిపార్టుమెంటంతా నవ్వింది.

నేను ఆ రోజే ఇంటికొచ్చి మేనేజరుకు రెండు పేజీల కాగితం రాశాను. మనిషి శరీర ధర్మాన్ని నలుగురిలో ఎగతాళి చేసినందుకు విచారించాలని. మేనేజరు మేస్త్రీని పిలిపించి చీవాట్లు పెట్టాడని విన్నాను. ఆ తర్వాత మేస్త్రీ నాకు బిళ్ల ఇచ్చేటప్పుడు గోడ గడియారం చూసి ఇచ్చేవాడు, తీసుకునేటప్పుడూ చూసేవాడు. ‘బిళ్ల’ అన్న ఒక్క మాట తప్ప ఆయనతో నేను ఇంకేమీ మాట్లాడలేదు.

ఆడి

ఆడి నెల వచ్చేసరికి నాకు తోచిన వైద్యం నీళ్లు తాగడం మానేయడం. లోపలికి పోకపోతే బయటికి రావలసిన పనిలేదు కదా అనుకున్నాను. పోగులు తెగకుండా మిల్లు లోపల ఎప్పుడూ తేమ కొడుతుంటారు, ఆ ఉక్కకు ఒళ్లంతా చెమట. షిఫ్టు మొత్తానికి ఒక లోటా నీళ్లతో గడిపేవాణ్ణి. సాయంత్రానికి పెదవులు చిట్లేవి. మూత్రం మంట పుట్టేది. పోవలసిన సార్లు మాత్రం తగ్గలేదు.

మా ఆవిడ రాజమ్మ ముందుగానే పసిగట్టింది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే అయినప్పుడు దాచడానికి చోటుండదు.

“దినానికి మూడు వేష్టులు ఉతకతా ఉండాను. నాకు తెలీదనుకున్నావా?” అంది ఒక ఆదివారం.

“చెమటకు పంచె తడవదా.”

“చెమట ముందు పక్కనే పడతాదా? డాక్టరు దగ్గరికి పోదుము.”

“పోయి ఏమని చెప్పేది?”

“రావడంలేదని చెప్పు. దాంట్లో సిగ్గేముండాది? ఆయనకూ అదే కదా ఉండేది.”

నేను పోలేదు. నా భయం సిగ్గు కంటే పెద్దది. మదురైలో మిల్లు పని చేసిన మా చిన్నాన్నకు ఇదే జబ్బు వచ్చింది. ఆపరేషనంటే భయపడి, మూత్రానికి పెట్టిన ట్యూబుతోనే మూడేళ్లు బతికాడు. వసారాలో ఒక మూల మంచం, మంచం కింద సీసా. పండగకు వెళ్లిన పిల్లల్ని ఆ పక్కకు పోనిచ్చేవాళ్లు కాదు. చూడటానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి పలకరించి పోయేవాళ్లు. ఆయన చావు నన్ను భయపెట్టలేదు. ఆ మూడేళ్లు భయపెట్టాయి.

రాజమ్మ అన్నూరు నుంచి పల్లేరు కాయలు తెప్పించి కషాయం కాచి ఇచ్చింది. తాగిన రోజు కాస్త తేలిగ్గా అనిపించేది. అది కషాయం గుణమో, దాంతోపాటు లోపలికి పోయిన నీళ్ల గుణమో నాకు తెలియదు.

ఐప్పసి

ఇది అందరూ శ్రద్ధగా వినాలి. మా మిల్లువాళ్లకు ఒక అలవాటుంది. దూది ధూళి గొంతులో పేరుకుని దగ్గు, తుమ్ములు పట్టుకుంటే డాక్టరు దగ్గరికి పోము. గేటుకెదురుగా పెట్టె అంగట్లో జలుబు మాత్ర కొని, టీతో మింగి, లోపలికి పోతాము. ఐప్పసి వానలకు నా దగ్గు ముదిరింది. మూడు రోజులు పూటకు రెండేసి మింగాను. నాది ప్రోస్టేట్ అనే గ్రంథి వాపనీ, అది ఉన్నవాడికి ఆ మాత్ర మూత్రానికి ఉన్న కాస్త దారిని కూడా బిగించేస్తుందనీ తర్వాత డాక్టరు చెప్పాడు. అప్పుడు నాకేం తెలుసు?

నాలుగో రోజు ఫస్టు షిఫ్టులో, పొద్దున పదకొండు గంటలప్పుడు, పూర్తిగా ఆగిపోయింది. ఒక్క చుక్క రాలేదు. పొత్తికడుపు రాయిలా బిగిసింది. గోడకు నుదురు ఆనించి నిలబడిపోయాను. బయట మావాళ్లు తలుపు బాదుతున్నారు. ఒకడు “బిళ్లనన్నా కిందనుంచి తోసెయ్ అన్నా, నువ్వు ఆడనే కాపురముండు” అని అరిచాడు. చివరికి మేస్త్రీ వచ్చి గడియ ఊడేలా తలుపు తోశాడు. తిట్టడానికే వచ్చినవాడు నా ముఖం చూసి ఆగిపోయాడు. మిల్లు వ్యాను పిలిపించి, నన్ను చంకల కింద పట్టుకుని ఎక్కించాడు. ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు సులువుగా ఉండేది.

ఆసుపత్రిలో చీటీ రాసే గుమాస్తా తలెత్తకుండా, “లైనులో రా” అన్నాడు. ఆయన నుదుటి మీద గంధం బొట్టు, చెవిలో పెన్సిలు, నాకు ఇప్పటికీ గుర్తే. నా ముందు జ్వరం బిడ్డను భుజాన వేసుకున్న ఒక అమ్మాయి ఉంది. నావైపు ఒక్కసారి చూసి పక్కకు జరిగి, “పెద్దాయన నిలబడలేకపోతుండాడు, ఆయనను పంపండి” అని గుమాస్తా మీద అరవంలో ఒక్క కేక వేసింది. ఆమె ముందున్న పదిమందీ జరిగారు. ఆ అమ్మాయి పేరు అడగలేదు. అది నా తప్పు.

ట్యూబు పెట్టారు. పెట్టేటప్పుడు నొప్పే, అబద్ధం చెప్పను. అయితే ఆ తర్వాత సీసా నిండుతుంటే నాకు కళ్ల వెంట నీళ్లొచ్చాయి. పెళ్లి నాడు కూడా అంత సుఖం ఎరుగను. రాజమ్మ దగ్గర ఈ మాట అన్నాను. ఆమె ఇంకా దెప్పుతూనే ఉంది.

కార్తిక

పది రోజుల తర్వాత ట్యూబు తీసి చూశారు. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ప్రయత్నించాను, రాలేదు. మళ్లీ పెట్టారు. అప్పుడు డాక్టరు నన్నూ రాజమ్మనూ కూర్చోబెట్టి మాట్లాడాడు. చిన్న వయసువాడు, ఓపికున్నవాడు. వయసుతోపాటు ఆ గ్రంథి పెరిగి మూత్రం దారిని నొక్కుతోందనీ, వేలితో చూసినంతలో చెడ్డ గడ్డలా లేదనీ, ఆపరేషనులో తీసిన ముక్కను పరీక్షకు పంపి ఖాయం చేసుకుంటామనీ చెప్పాడు.

ముందున్న దారులు మూడన్నాడు. ట్యూబును మారుస్తూ ఇలాగే ఉండవచ్చు, కానీ చీము పట్టే భయం ఉంటుంది. పొట్ట కోసి గ్రంథిని తీయవచ్చు. లేదా పైన కోత లేకుండా మూత్రం దారిలోంచే సన్నటి పనిముట్టు పంపి, అడ్డంగా పెరిగినదాన్ని చెక్కి తీయవచ్చు. నాకు మూడోదే మంచిదని ఆయన అభిప్రాయం.

నేను అడగవలసింది ఎలా అడగాలో తెలియక గోడ వైపు చూశాను. రాజమ్మే అడిగింది. “సార్, దీంతో మగతనం పోతాదని మా వీధిలో చెప్తుండారు.”

డాక్టరు నవ్వలేదు. చాలామందికి కోరికకూ బలానికీ ఏమీ కాదనీ, బీజం మాత్రం బయటికి రాకుండా లోపలి మూత్రపు తిత్తిలోకి పోతుందనీ, పిల్లలు కావాలనుకునేవాళ్లయితే ముందే ఆలోచించుకోవాలనీ చెప్పాడు.

“ఇంక ఇప్పుడు యాడి పిల్లలు” అంది రాజమ్మ. ముగ్గురం నవ్వాము. పాతికేళ్లుగా మా ఇంట్లో ఎవరూ నవ్వని విషయం అది.

లేస్తుంటే డాక్టరు ఇంకో మాట అన్నాడు. “రెండు సీసాల రక్తం సిద్ధంగా ఉండాలి. మీ వాళ్లు ఇద్దరు వచ్చి ఇస్తేనే తేదీ వేస్తాను.”

నా వాళ్లెవరు? సొంత తమ్ముడు లేడు. రాజమ్మకు రక్తం తక్కువని వద్దన్నారు. ఆమె తమ్ముడు కిట్టయ్యతో నాకు ఏడాదిన్నరగా మాటల్లేవు. లైనులో ఐదుగురూ నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవాళ్లే. ఇద్దరు మనుషులు దొరకకపోతే నాకు మిగిలేది చిన్నాన్న మంచమే.

మార్గళి

నెల రోజులు నేను ఎవరినీ అడగలేదు. మూత్రం సంచిని ఒక గుడ్డ సంచిలో వేసి, వేష్టి మడతలోంచి ట్యూబు కనబడకుండా పట్టుకుని, ట్యూబు మార్పించుకోవడానికి ఆసుపత్రికి పోయేవాణ్ణి. అక్కడి బల్ల మీద కూర్చుంటే అందరి చేతుల్లోనూ ఏదో ఒక సంచి ఉండేది. ఎవరిలో ఏముందో ఎవరూ అడగరు.

ఒకరోజు ఆ బల్ల చివర తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని ఒకాయన కూర్చున్నాడు. తుమ్మినప్పుడు తెలిసింది, మేస్త్రీ రంగసామి. నేను లేచి పోబోయాను.

“కూర్చోప్పా” అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. “నాకూ అదే.”

“ఏది?”

“నీకుండేదే. రెండేండ్లాయె.”

నేను మళ్లీ బల్ల మీద కూర్చున్నాను.

“నాకు బిళ్ల అక్కర లేదు గదా. ఎన్నిసార్లు పోయినా అడిగేవాడు లేడు. నువ్వు పోయినప్పుడంతా నాకూ అవసరమే. నీ వెనకాల వచ్చి నిలబడేవాణ్ణి, నువ్వు బయటికి రావు. కోపమొచ్చి ఆ మాట అనేసినాను.”

“అందరి ముందర అంటివి.”

“అంటిని. నువ్వు కాగితం రాస్తివి. నా సర్వీసులో నా మీద కాగితం రాసినవాడు నువ్వొక్కడివే.” ఆయన తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “ఆపరేషను ఎప్పుడు?”

రక్తం సంగతి చెప్పాను. చెప్పాలనుకోలేదు, వచ్చేసింది. ఆయన తలగుడ్డ మళ్లీ చుట్టుకుంటూ, “నా ఒంట్లో చక్కెర జబ్బు, నాది పనికిరాదు. లైనులో అడుగుతా” అన్నాడు.

“వాళ్లు నాకెందుకిస్తారు?”

“నువ్వు మళ్లీ వచ్చి నిలబడి పని చేస్తేనే వాళ్లకు బిళ్ల దొరికేది. ఇప్పుడు నీ బదులొచ్చినవాడు నీకంటే అన్యాయం, లోపలికి పోయి బీడీ తాగుతుండాడు.”

ఒకటి కుదురుతుందేమో. రెండోదానికి రాజమ్మ రోజూ ఒక్క పేరే చెప్పేది.

కిట్టయ్యతో నా తగాదా ఇది. మా వాళ్లలో పెళ్లికి పిలవాలంటే మొగుడూ పెళ్లామూ ఇద్దరూ పళ్లెంలో కుంకుమ, తాంబూలం పెట్టుకుని ఇంటికొచ్చి, నిలబడి పిలవాలి. వాడు కూతురి పెళ్లి పత్రికను మా మిల్లు గేటు దగ్గర, షిఫ్టు విడిచే వేళ, సైకిలు దిగకుండా ఒక కాలు నేలకానించి నా చేతిలో పెట్టాడు. నేను పెళ్లికి పోలేదు. రాజమ్మ ఒక్కతే పోయొచ్చింది. ఆ తర్వాత వాడి వీధిలో నేను అడుగుపెట్టలేదు.

ఒక ఆదివారం పోయాను. వీధి మలుపులో రెండుసార్లు వెనక్కి తిరిగాను. రాజమ్మ నా చొక్కా పట్టుకునే నడిచింది. కిట్టయ్య వసారాలో గడ్డం గీసుకుంటున్నాడు. సగం ముఖం సబ్బుతో లేచి నిలబడ్డాడు.

“రా బావా” అన్నాడు. అని, నా చేతిలోని పసుపు సంచి వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నేనూ వంగి చూశాను. వాడి కూతురి పెళ్లిలో తాంబూలానికి ఇచ్చిన సంచి అది. రాజమ్మ తెచ్చి ఇంట్లో మేకుకు తగిలించింది. గట్టిగా ఉందని నేను ఇన్నాళ్లూ మూత్రం సంచిని అందులోనే మోస్తున్నాను. మీద ఎర్ర అక్షరాల్లో పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు.

“నా బిడ్డ పెండ్లి సంచిలో ఏం తెచ్చినావు బావా?”

“నా ఒంటేలు” అన్నాను. ఇంకేం చెప్పను?

కిట్టయ్య పెళ్లాం లోపలి నుంచి పక్కున నవ్వింది. వాడు నవ్వాలో కోప్పడాలో తెలియక కత్తి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. “పెండ్లికి రాకపోతివి. వచ్చినోళ్లంతా ఈ సంచిలో కూరగాయలు తెచ్చుకుంటుండారు, నువ్వు...”

“ఇంటికొచ్చి పిలిచినావా నువ్వు?”

“ఆ వారం నాకు సగం రాత్రి దాకా హాఫ్ నైటు షిఫ్టు, నీకు పొద్దున ఫస్టు షిఫ్టు. నేను వస్తే నువ్వుండవు, నువ్వుంటే నేనుండను.”

“ఆదివారం లేదా ఆ వారంలో?”

“ఉండాది” అన్నాడు కత్తి కింద పెట్టి. “ఆదివారం మర్చిపోయినాను. తప్పే.”

నేను అరుగు మీద కూర్చున్నాను. ఏడాదిన్నర కాచుకున్నది ఆ ఒక్క మాటకే. వచ్చేసరికి దాంతో ఏం చేయాలో తోచలేదు. రాజమ్మ నా భుజం పొడిచింది. రక్తం కావాలని అడిగాను. నా నోటితో నేనే అడిగాను.

“దానికా ఇంత దూరం నడిచొచ్చినావు ఈ సంచి పట్టుకుని? గేటు దగ్గర నిలబెట్టి అడిగుంటే చాలు గదా” అన్నాడు వాడు. ఆ దెప్పు నేను మరచిపోలేదు. సబ్బు కడుక్కుని, చొక్కా వేసుకుని, ఆ సగం గడ్డంతోనే మరునాడు ఏ బస్సుకు పోవాలో అడిగాడు.

తై

మేస్త్రీ లైను నుంచి ఇద్దర్ని పంపాడు. అందులో తలుపు బాదినవాడు ఒకడు. కిట్టయ్యతో కలిపి ముగ్గురు ఇచ్చారు. సంక్రాంతి వచ్చే తై నెలలో తేదీ పడింది.

ఆపరేషను గురించి ఎక్కువ చెప్పను. వెన్నులో సూది వేస్తే నడుము కింద నాది కానట్టయింది. తెలివిగానే ఉన్నాను. డాక్టరు ఎవరితోనో కాఫీ గురించి మాట్లాడటం వినిపించింది, అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. కాఫీ గురించి మాట్లాడుతున్నవాడికి చేతిలో పని తేలికగా ఉన్నట్టే అనుకున్నాను. మధ్యలో ఒక రక్తం సీసా ఎక్కించారు.

రెండు రోజులు ట్యూబులో నీళ్లు ఎర్రగా వచ్చాయి. మూడో రోజు గులాబీ రంగు, నాలుగో రోజు తేట. ఐదో రోజు ట్యూబు తీశారు. తీశాక మంట పుట్టింది, బట్టలో చుక్కలు పడ్డాయి, కొన్నాళ్లు అలాగే ఉంటుందన్నారు. మధ్యాహ్నం బాత్రూంకు పోయి నిలబడ్డాను. ఎవరూ గడియారం చూడటం లేదు. వచ్చింది. ధారగా, శబ్దం చేస్తూ వచ్చింది. తలుపు బయట రాజమ్మ “వినబడతా ఉండాది” అంది.

వార్డులో మా తెలుగు మాట్లాడే నర్సు ఒకామె ఉండేది, మేరీ సిస్టరు. మా వాళ్లు చూడటానికొచ్చినప్పుడు మంచం దగ్గర పెద్ద వాదం నడిచింది.

“నా రక్తమే ఎక్కించినారు. చూడు, ముఖంలో కళ వచ్చిండాది” అన్నాడు కిట్టయ్య.

“నీదైతే ఇంత నెమ్మదిగా పడుకోడన్నా, మా లైనుదే” అన్నాడు తలుపు బాదినవాడు.

నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఎవరిదో తెలిస్తే వాడితో ఎలా నడుచుకోవాలో నిర్ణయించుకోవచ్చు. మేరీ సిస్టరును పిలిచి అడిగాను.

“వీళ్లెవరిదీ కాదయ్యా” అంది ఆమె. “వీళ్లది రక్తం బ్యాంకులో పోసుకున్నారు. మీకు సరిపడేది ముందే ఉండె, అది ఎక్కించినారు. వీళ్లది ఇంకెవరికో పోతాది.”

“మరి నాకెక్కింది ఎవరిది?”

“పేరు రాసుండదు. ఎవరో వచ్చి ఇచ్చి పోయుంటారు.”

“ఊరన్నా తెలీదా? వీధన్నా?”

“తెలుసుకుని ఏం చేస్తారు, ఆయన మీద కాగితం రాస్తారా?” అంది. నా పేరు అప్పటికే ఆసుపత్రిలో పాకిపోయింది. చీటీ రాసే గుమాస్తా గురించి నేను రాసిన కాగితం వల్ల.

పంగుని

ముక్క పరీక్షలో చెడ్డదేమీ లేదని వచ్చింది. రాత్రి ఒక్కసారి లేస్తున్నాను. నీళ్లు మామూలుగా తాగుతున్నాను. ఎడతెగకుండా పోగులు అతికిస్తూ రెండు గంటలు నిలబడగలుగుతున్నాను. లైనుకు రెండో బిళ్ల కావాలని మేనేజరుకు కాగితం రాశాను. కింద నాతోపాటు మేస్త్రీ కూడా సంతకం పెట్టాడు. ఇంకా ఇవ్వలేదు, నేను ఊరుకునేది లేదు. మేస్త్రీ ఆపరేషను వచ్చే నెల, చిత్తిరైలో. రక్తానికి మనుషుల్ని చూసే పని నాది.

ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు నాలా ఆరునెలలు దాచకండి. డాక్టరుకు చెప్పకుండా జలుబు మాత్ర మింగకండి. ట్యూబు పెట్టారంటే బతుకు మూలకు చేరిందని కాదు. ఏ దారి మంచిదో మీ వయసును బట్టి, ఒంటిని బట్టి డాక్టరే చెప్పాలి. అడగండి, సిగ్గయితే పెళ్లాన్ని అడగమనండి.

ఒక్కటి మాత్రం నాకు ఇబ్బందిగా ఉంది. నిన్న ఆర్.ఎస్. పురం నుంచి వచ్చే బస్సులో ఒకడు నా కాలు తొక్కాడు. చెప్పుల కాలితో, గట్టిగా. క్షమించమని కూడా అనలేదు. నేను నోరు తెరిచాను. వాడికి నలభై ఉంటాయి, దిట్టంగా ఉన్నాడు, రక్తం ఇవ్వగలిగిన మనిషి. నాకిచ్చింది వాడేనేమో. నోరు మూసుకుని, వాడు నిలబడటానికి కాస్త జరిగాను.